వెయ్యికి ఎందరు? రోండా లోయ మరణాల లెక్కపై పాఠకుల ప్రశ్నలు

రెండు సంచికల క్రితం ఈ శీర్షికలో మరణాల రేటు గురించి రాస్తూ దక్షిణ వేల్స్‌లోని రోండా లోయను ఉదాహరణగా తీసుకున్నాను. 1851లో వెయ్యి మంది కూడా లేని ఆ లోయలో బొగ్గు తవ్వకాలు మొదలయ్యాక 1911 నాటికి జనాభా 1,52,781కి చేరిందని, అప్పటి అతిపెద్ద అర్బన్ డిస్ట్రిక్టులలో అదొకటని, అక్కడి పాత లెక్కలను చదవడం అలవడితే మన ఊరి లెక్కలను చదవడం కూడా తేలికవుతుందని అందులో చెప్పాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి కార్డిఫ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మీ వ్యాసం చదివి, అక్కడి గ్రంథాలయంలో నూరేళ్ళ నాటి ఆరోగ్యాధికారి వార్షిక నివేదిక ఒకటి చూసి, కొన్ని పుటలను ఫోటోలు తీసి పంపాడు. అర్బన్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా వంటిదేనా? ఆ డాక్టరుగారు ఏటా అంత నివేదికను ఎవరి కోసం రాసినట్టు?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: పేరులో డిస్ట్రిక్ట్ అని ఉన్నా అది మన జిల్లా వంటిది కాదమ్మా. మన పురపాలక సంఘానికి దగ్గరగా ఉండే వ్యవస్థ అది. 1894 నాటి స్థానిక పరిపాలన చట్టంతో ఇంగ్లండు, వేల్స్‌లలో ఈ అర్బన్ డిస్ట్రిక్టులు ఏర్పడి, 1974 వరకు కొనసాగాయి. కొన్నింటిలో కొద్ది వేల జనాభా ఉంటే, రోండా వంటి చోట లక్షకు పైగా ఉండేది. మంచినీరు, మురుగు కాలువలు, చెత్త ఎత్తివేత, ఇళ్ళ తనిఖీ, అంటువ్యాధుల అదుపు వంటి పనులను చూసేది ఎన్నికైన కౌన్సిల్.

ఆ కౌన్సిల్ తప్పనిసరిగా నియమించుకోవలసిన వైద్యుణ్ణి మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్ అనేవారు. ఈ పదవి మొదట 1847లో లివర్‌పూల్‌లో విలియం హెన్రీ డంకన్‌తో మొదలైంది. 1872 నాటి చట్టంతో దేశమంతటా ప్రతి పారిశుద్ధ్య సంస్థకూ ఇటువంటి అధికారి ఉండాలన్న నియమం వచ్చింది. ఆయన తన వార్షిక నివేదికను కౌన్సిల్‌కు సమర్పించేవాడు. ఒక ప్రతి లండన్‌లో స్థానిక సంస్థలను పర్యవేక్షించే ప్రభుత్వ శాఖ అయిన లోకల్ గవర్నమెంట్ బోర్డుకు చేరేది. ఎందరు పుట్టారు, ఎందరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారు, బావుల నీరు ఎలా ఉంది, పాల దుకాణాలు, కబేళాలు, బడులు ఎలా ఉన్నాయి అన్నవన్నీ అందులో ఉంటాయి.

ఆ నివేదికలను చదివేటప్పుడు నాకు గౌరవం కలిగించే విషయం ఒకటుంది. చిన్న డిస్ట్రిక్టులలో ఈ అధికారులు చాలామంది సొంత ప్రాక్టీసు చేసుకుంటూ కొద్దిపాటి జీతానికి ఈ పని చేసినవారే. కౌన్సిల్‌లో కూర్చునేవారిలో అద్దె ఇళ్ళ యజమానులు, దుకాణదారులు ఉండేవారు. పలానా వీధి ఇళ్ళు మనుషులు నివసించడానికి పనికిరావు అని రాయడమంటే, ఒక్కోసారి తనకు జీతం ఇచ్చేవారి ఆస్తి గురించి రాయడమే. అయినా రాసినవారు ఉన్నారు. మీ అబ్బాయి మరోసారి ఆ గ్రంథాలయానికి వెళితే మొదటి పుటలోని మొత్తం మరణాల రేటుతో సరిపెట్టుకోకుండా, వయసుల వారీగా మరణాలను చూపే పట్టికను ఫోటో తీసి పంపమనండి. అసలు కథ అందులో ఉంటుంది.

ప్రశ్న: గనుల ఊళ్ళలో వెయ్యి జనాభాకు మరణాల రేటు చూస్తే, సముద్రతీరంలోని విశ్రాంతి పట్టణాల కంటే అంత ఎక్కువేమీ కాదని, కొన్నిచోట్ల తక్కువ కూడా కావచ్చని రాశారు. మళ్ళీ అదే వ్యాసంలో గనుల ఊళ్ళలో ప్రాణానికి ఎక్కువ ముప్పు ఉండేదన్నారు. రెండూ ఎలా నిజమవుతాయి?
(ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ)

జవాబు: రెండూ నిజమే. ఏడాదిలో సంభవించిన మొత్తం మరణాలను నడి ఏడాది జనాభాతో భాగించి వెయ్యితో గుణిస్తే వచ్చేదాన్ని స్థూల మరణాల రేటు అంటాం. ఆ జనాభాలో పసివారెందరు, పడుచువారెందరు, ముసలివారెందరు అన్నది ఆ అంకె చెప్పదు. రోండాకు పనికోసం వలస వచ్చినవారిలో ఎక్కువమంది పడుచు మగవారు. ఆడవారి కంటే మగవారి సంఖ్య ఎక్కువగా, వృద్ధుల సంఖ్య తక్కువగా ఉన్న ఊరది. ఇరవై, ముప్పై ఏళ్ళవాళ్ళు ఎక్కడైనా తక్కువగానే చనిపోతారు కాబట్టి అటువంటి ఊరిలో స్థూల రేటు దానంతట అదే తగ్గి కనిపిస్తుంది.

ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. గని ఊరు, తీరపట్టణం అని రెండు ఊళ్ళు, ఒక్కొక్కదానిలో 10,000 మంది ఉన్నారనుకోండి. గని ఊరిలో 45 ఏళ్ళ లోపువారు 9,000, ఆ పైబడినవారు 1,000. తీరపట్టణంలో 45 లోపువారు 6,000, పైబడినవారు 4,000. గని ఊరిలో చిన్నవారిలో వెయ్యికి 12 మంది, పెద్దవారిలో వెయ్యికి 40 మంది చొప్పున పోతే మొత్తం 108, 40 కలిపి 148 మరణాలు, అంటే వెయ్యికి 14.8. తీరపట్టణంలో చిన్నవారిలో వెయ్యికి 8, పెద్దవారిలో 30 చొప్పున పోతే 48, 120 కలిపి 168 మరణాలు, అంటే 16.8. ఏ వయసులో చూసినా గని ఊరిలోనే చావులు ఎక్కువ, అయినా మొత్తం రేటులో అదే ఆరోగ్యకరమైన ఊరుగా తేలింది. ఇప్పుడు రెండు ఊళ్ళలోనూ చిన్నవారు 7,500, పెద్దవారు 2,500 ఉన్నట్టు భావించి మళ్ళీ లెక్కిస్తే గని ఊరి రేటు 19.0, తీరపట్టణం రేటు 13.5 వస్తాయి. ఇలా ఒకే రకం జనాభాకు సరిచేసిన రేటునే ప్రామాణీకరించిన రేటు అంటారు. జనన మరణాలను నమోదు చేసే లండన్‌లోని రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం ఇందుకోసం పట్టణాలకు ఒక సవరణ గుణకాన్ని ఇచ్చేది.

ఈ చిక్కు ఆ కాలానికే పరిమితం కాదు. మన దేశంలో 2020 నమూనా నమోదు లెక్కల ప్రకారం కేరళ స్థూల మరణాల రేటు వెయ్యికి 7.0, బీహార్ రేటు 5.4. అంతమాత్రాన బీహార్‌లో ఆరోగ్యం మెరుగని ఎవరూ అనరు. ఎందుకంటే అదే ఏడాది శిశు మరణాలు వెయ్యి జననాలకు కేరళలో 6, బీహార్‌లో 27. కేరళలో వృద్ధులు ఎక్కువ. మీ తరగతిలో పిల్లలకు ఈ రెండు రాష్ట్రాల అంకెలు ముందుపెట్టి కారణం చెప్పమని అడగండి. కొద్దిసేపట్లోనే పట్టేస్తారని నా అనుభవం.

ఇక భాజకం, అంటే మనం భాగించే జనాభా సంఖ్య, మరో రకంగా కూడా తప్పుదారి పట్టిస్తుంది. జనగణన పదేళ్ళకోసారి జరిగేది. మధ్య సంవత్సరాల జనాభా అంచనాయే. 1901లో 1,13,735గా ఉన్న రోండా జనాభా వేగంగా పెరుగుతున్నప్పుడు అంచనా కాస్త ఎక్కువైతే రేటు తగ్గినట్టు, తక్కువైతే పెరిగినట్టు కనిపిస్తుంది. రోండావాసి ఒకరు పొరుగున ఉన్న పాంటిప్రీడ్ పేదల శరణాలయంలో కన్నుమూస్తే ఆ చావును ఏ ఊరి ఖాతాలో వేయాలన్న తగువు కూడా ఉండేది. 1911 నుంచి రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయమే మరణాలను మృతుల నివాస స్థలానికి చేర్చి లెక్కించడం మొదలుపెట్టాక ఆ గందరగోళం తగ్గింది.

ప్రశ్న: గని ప్రమాదాల వల్లనే కదా అక్కడ అంత చావు? శిశు మరణాల గురించి మీరు ఎక్కువగా రాయడం ఎందుకో నాకు అర్థం కాలేదు.
(ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: మీ సందేహం సహజమే, అందుకే లెక్క వేసి చూపుతాను. 1905 జూలై 11న రోండాలోని వాట్స్‌టౌన్ గనిలో పేలుడు సంభవించి 119 మంది మరణించారు. ఆ ఏడాది రోండా జనాభా సుమారు 1,28,000 అనుకుంటే, ఈ ఒక్క ప్రమాదం ఆ ఊరి మరణాల రేటుకు వెయ్యికి దాదాపు ఒకటి కలిపింది. ఒక్క రోజులో జరిగిన ఘోరం ఏడాది అంకెలో కనబడేంత పెద్దది. దాన్ని ఏ విధంగానూ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

ఇప్పుడు రెండో లెక్క చూడండి. వెయ్యి జనాభాకు 30 జననాలే అనుకున్నా, అంటే తక్కువగానే అనుకున్నా, ఆ ఏడాది రోండాలో 3,840 మంది పిల్లలు పుట్టి ఉంటారు. ఇంగ్లండు, వేల్స్‌ల మొత్తం శిశు మరణాల రేటు ఆ ఏడాది వెయ్యి జననాలకు 128. ఆ దేశ సగటు రేటునే రోండాకు వర్తింపజేసినా దాదాపు 490 మంది పసికందులు మొదటి పుట్టినరోజు చూడకుండా వెళ్ళిపోయారని తేలుతుంది. రోండా రేటు దేశ సగటు కంటే ఎక్కువ కనుక అసలు సంఖ్య ఇంకా పెద్దదే. వాట్స్‌టౌన్ పేరు చరిత్ర పుస్తకాల్లో నిలిచింది, విచారణ జరిగింది. దానికి నాలుగింతలు మించిన ఈ చావులు వేరువేరు ఇళ్ళలో, వేరువేరు రాత్రుళ్ళలో, ఒక్కొక్కటిగా జరిగాయి కనుక ఏ పత్రికలోనూ పెద్ద అక్షరాలలో రాలేదు. వాటిని ఒక్కచోట చేర్చి చూపింది ఆరోగ్యాధికారి పట్టిక ఒక్కటే. అందుకే శిశు మరణాల గురించి అంతగా రాశాను, ఇకపైనా రాస్తాను.

ప్రశ్న: చలిదేశంలో ఎండాకాలపు విరేచనాలతో పిల్లలు పోవడమేమిటి? అది మన దేశపు సమస్య అనుకున్నాను.
(ఒక గృహిణి, గుంటూరు)

జవాబు: ఆ రోజుల్లో అది వాళ్ళ సమస్య కూడా. ఇంగ్లండు, వేల్స్‌లలో శిశు మరణాల రేటు 1910లో 105. 1911లో అది 130కి ఎగబాకి, 1912లో 95కి దిగింది. మధ్య ఏడాదిలో కొత్త జబ్బేమీ పుట్టలేదు. 1911 వేసవి అక్కడ అసాధారణమైన ఎండతో గడిచింది, అంతే. ఆగస్టు, సెప్టెంబరులలో విరేచనాలు పట్టుకుని పసివారు ఒకరి వెంట ఒకరు పోయారు.

ఎడ్వర్డ్ బాలర్డ్ అనే ప్రభుత్వ వైద్య పరిశీలకుడు 1880లలోనే ఒక విషయం గమనించాడు. నాలుగు అడుగుల లోతున మట్టి వేడి 56 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో సుమారు 13 డిగ్రీలకు చేరిన తర్వాతే ఈ మరణాలు విజృంభిస్తాయని తేల్చాడు. పదమూడు డిగ్రీలంటే మనకు చలి అనిపిస్తుంది గానీ, అది భూమి లోపలి వేడి. అంత లోతు వరకు వెచ్చబడాలంటే పైన వారాల తరబడి ఎండ కాయాలి. ఆ వారాలలో ఈగలు పెరుగుతాయి. వీధుల నిండా గుర్రపు లద్దె, ఇంటి వెనుక కడగని మరుగుదొడ్లు, బూడిదా చెత్తా కలిసిన గుంటలు ఉండగా ఈగలకు కొదవేమిటి? అక్కడ వాలిన ఈగ నేరుగా వంటింట్లో మూత లేని పాల గిన్నెపై వాలుతుంది.

పాల సంగతి కూడా అంతే. మేలైన ఆవుపాలు ఖరీదు. వెన్న తీసిన పాలను చక్కెర కలిపి చిక్కబరచి డబ్బాలలో చవకగా అమ్మేవారు. పసివారికి అవే పట్టేవారు. కొవ్వు లేని ఆ పాలతో బిడ్డ ఎదగదు. పొడవాటి రబ్బరు గొట్టం ఉన్న సీసా ఒకటి ఆ కాలంలో ఇంటింటా ఉండేది. గొట్టం లోపలి భాగాన్ని ఎవరూ సరిగా కడగలేరు, అందులో పులిసిన పాలు నిలిచిపోయేవి. ఆరోగ్యాధికారులు ఏటా ఒక తేడాను మళ్ళీ మళ్ళీ రాశారు: తల్లిపాలు తాగే బిడ్డలలో ఈ చావులు చాలా తక్కువ, సీసా పాల బిడ్డలలో చాలా ఎక్కువ. మన అమ్మమ్మలు బిడ్డకు తల్లిపాలు మాన్పించడానికి ఎండాకాలం మంచిది కాదని చెప్పేవారు. పట్టిక లేకుండానే వారు గ్రహించిన విషయం అది.

ప్రశ్న: ఆ కాలపు పెద్దలు శిశు మరణాలకు తల్లుల అజ్ఞానాన్ని, తల్లులు కార్ఖానాలకు పనికి వెళ్ళడాన్ని కారణంగా చెప్పేవారని చదివాను. అది న్యాయమేనా?
(ఒక పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: నా మట్టుకు అది న్యాయం కాదు. అందుకు రోండాయే సాక్ష్యం. బట్టల మిల్లుల పట్టణాలలో తల్లులు పనికి వెళ్ళేవారు, అక్కడ శిశు మరణాలు ఎక్కువ. దాన్ని చూసి తల్లి ఇల్లు విడవడమే కారణమని కొందరు గట్టిగా నమ్మారు. మరి రోండా వంటి బొగ్గు లోయలలో పెళ్ళైన ఆడవారు బయట పనిచేయడం దాదాపు లేదు. రోజంతా ఇంట్లోనే ఉన్నారు. అయినా రోండా ఉన్న గ్లామోర్గన్, ఇంగ్లండులోని డరమ్ వంటి బొగ్గు కౌంటీలలో శిశు మరణాలు దేశ సగటును మించే ఉన్నాయి. లోకల్ గవర్నమెంట్ బోర్డు ప్రధాన వైద్యాధికారి ఆర్థర్ న్యూస్‌హోమ్ 1910 నాటి తన నివేదికలో ఈ వైరుధ్యాన్ని స్పష్టంగా ముందుకు తెచ్చాడు. తల్లి ఎక్కడ ఉందన్న దానికంటే ఆ ఇల్లు ఎటువంటిది, ఆ వీధి పారిశుద్ధ్యం ఎలా ఉంది అన్నదే తేడా తెచ్చిందని ఆయన వాదన.

ఆ ఇంటి లోపలికి ఒకసారి వెళ్ళి చూడండి. భర్త, ఎదిగిన కొడుకులు, అద్దెకున్న కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వేరువేరు షిఫ్టులలో గని నుంచి నల్లగా వస్తారు. ప్రతిసారీ పొయ్యి మీద నీళ్ళు కాచి, బరువైన పాత్రను ఎత్తి, వంటింటి పొయ్యి ముందున్న తొట్టిలో పోయాలి. గర్భిణి అయినా ఆ బరువు ఆమెదే. ఆ తొట్టిలో, ఆ కాగులలో పడి ఒళ్ళు కాలిన పిల్లలు ఎందరో. రోండాలోని టాన్ పెంట్రె వాసి ఎలిజబెత్ ఆండ్రూస్ 1919లో బొగ్గు పరిశ్రమపై ఏర్పడిన సాంకీ కమిషన్ ముందు సాక్ష్యమిస్తూ, నెలలు నిండని కాన్పులకు ఈ బరువులు ఎత్తడమే కారణమన్న మంత్రసాని అనుభవాన్ని వినిపించారు. గని ముఖద్వారం దగ్గరే కార్మికులకు స్నానాల గదులు కట్టాలని ఆమె పోరాడారు. వేల్స్‌లో మొదటిది 1916లో ట్రెహారిస్‌లోని డీప్ నావిగేషన్ గనిలో వచ్చింది. స్నానాల గది తల్లీబిడ్డల ఆరోగ్యానికి సంబంధించినదని ఆమె చెప్పేవరకు చాలామందికి తోచనే లేదు.

తల్లులకు నేర్పడం వ్యర్థమని నేను అనడం లేదు. హడర్స్‌ఫీల్డ్ మేయరు బెంజమిన్ బ్రాడ్‌బెంట్ 1904లో తన ప్రాంతంలో పుట్టిన ప్రతి బిడ్డకూ, ఏడాది నిండితే ఒక పౌను ఇస్తానని ప్రకటించి, ఆ తల్లుల ఇళ్ళకు సలహాలు చెప్పే మహిళలను పంపాడు. ఆ పని ఫలించిందనే భావన బలపడి, 1907లో జననాల సమాచారం 36 గంటల లోపు ఆరోగ్యాధికారికి చేరవేసే చట్టం వచ్చింది. మొదట దాన్ని స్వీకరించడం ఊళ్ళ ఇష్టానికి వదిలినా, 1915లో అందరికీ తప్పనిసరి చేశారు. సమాచారం అందగానే హెల్త్ విజిటర్ ఆ ఇంటికి వెళ్ళేది. నేటి మన ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వెళ్ళే పద్ధతికి ఇది దూరపు బంధువు. అయితే కుళాయి లేని ఇంట్లో సీసా మరిగించమని చెప్పి వచ్చేయడం మాత్రం సలహా అనిపించుకోదు.

ప్రశ్న: నివేదికలో జైమోటిక్ మరణాల రేటు అని వేరుగా ఉంది. అదేమిటి?
(రాజమహేంద్రవరం పాఠకురాలి రెండో ప్రశ్న)

జవాబు: పులియడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి బ్రిటిష్ గణాంకవేత్త విలియం ఫార్ ఈ పేరు తెచ్చాడు. అంటువ్యాధి శరీరంలో పిండి పులిసినట్టు వ్యాపిస్తుందని అప్పటి ఊహ. మశూచి, తట్టు, స్కార్లెట్ ఫీవర్, డిఫ్తీరియా, కోరింత దగ్గు, టైఫాయిడ్ తరహా జ్వరాలు, విరేచనాలు అనే ఏడింటితో పోయినవారి రేటు అది. ఊరి పారిశుద్ధ్యానికి దీన్ని కొలబద్దగా వాడారు. క్షయ వీటన్నిటి సరసన ఉండవలసినంత ప్రాణాంతకమైనా ఈ జాబితాలో లేదు, కాబట్టి ఈ రేటు తక్కువగా ఉందని ఊరు క్షేమంగా ఉందనుకోకండి.

ప్రశ్న: మా నాన్నగారు కొత్తగూడెం బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళు పనిచేసి ఆయాసంతో పోయారు. రోండా లెక్కలలో దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కనబడుతుందా?
(ఒక పాఠకుడు, కొత్తగూడెం)

జవాబు: మీ నాన్నగారిని తలచుకుని అడిగిన ప్రశ్న కనుక సూటిగా చెబుతాను. ఆ కాలపు పట్టికలలో ఆ పేరుతో కనబడదు. కనబడేది బ్రాంకైటిస్ అనో, ఆస్తమా అనో, క్షయ అనో, న్యూమోనియా అనో. డాక్టరు మరణ ధ్రువపత్రంలో తనకు తెలిసిన పేరే రాస్తాడు. బొగ్గు దుమ్ము హాని చేయదనీ, క్షయ నుంచి కాపాడుతుందనీ కూడా నమ్మిన వైద్యులు ఉన్నారు. అందువల్ల దుమ్ముతో పోయినవారు లెక్కలో లేకుండా పోలేదు, వేరే పేర్ల కింద పడ్డారు. ఈ పేర్లన్నిటి కింద నడివయసు మగవారి మరణాలను కలిపి, అదే వయసు ఆడవారితో పోల్చి చూస్తే కొంత ఊహకు అందుతుంది.

1937లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ దక్షిణ వేల్స్ గనులలో పరిశోధన మొదలుపెట్టింది. రాతిలోని సిలికా ఒక్కటే కాక బొగ్గు దుమ్ము కూడా ఊపిరితిత్తులను పాడుచేస్తుందని దానితో తేలి, 1943లో బొగ్గు కార్మికుల న్యూమోకోనియోసిస్‌కు, అంటే దుమ్ముతో వచ్చే ఈ ఊపిరితిత్తుల జబ్బుకు, నష్టపరిహారం దక్కింది. తర్వాత 1950లలో ఆర్చీ కోక్రేన్ అనే వైద్యుడు రోండాలోని చిన్న లోయ జనాభాలో అత్యధిక భాగానికి ఇంటింటా తిరిగి ఎక్స్‌రేలు తీయించాడు. వైద్య ప్రయోగాల సాక్ష్యాలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థకు ఈయన పేరే పెట్టారు. గనిలో చేరిన ఏడాది నుంచి మీ నాన్నగారి పని వివరాలు, ఎక్స్‌రే రిపోర్టులు ఇంట్లో ఉంటే పారేయకండి. ఎంతోమంది విషయంలో జబ్బు పేరు తర్వాతి కాలంలోనే సరిగా తెలిసింది.

ప్రశ్న: మందులు రాకముందే అక్కడ మరణాలు తగ్గాయంటారు. మరి తగ్గించింది ఏది?
(ఒక వైద్య విద్యార్థి, తిరుపతి)

జవాబు: ఇంగ్లండు, వేల్స్‌ల స్థూల మరణాల రేటు 1901లో 16.9 ఉంటే 1911లో 14.6. శిశు మరణాల రేటు 1899లో 163, 1921లో 83, 1931లో 66. సల్ఫా మందులు 1935లో, పెన్సిలిన్ 1940లలో వచ్చాయి. కాబట్టి ఈ తగ్గుదలలో ఎక్కువ భాగం మందులకు ముందుదే. డిఫ్తీరియాకు 1890ల నుంచి వాడిన విషహర సీరం వంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి.

కారణంపై పండితులలో భేదాభిప్రాయముంది. తిండి మెరుగుపడటమే ప్రధానమని థామస్ మెకియోన్ వాదించాడు. 1988లో సైమన్ స్రేటర్ దాన్ని ఖండిస్తూ, స్థానిక సంస్థలు నీటికీ మురుగుకూ ఇళ్ళకూ పెట్టిన శ్రమే ముఖ్యమని చెప్పాడు. నేను రెండో పక్షానికే ఎక్కువ మొగ్గుతాను. టైఫాయిడ్‌నే చూడండి. 1905లో లింకన్ నగరంలో మంచినీటి ద్వారా టైఫాయిడ్ వ్యాపించినప్పుడు అలెగ్జాండర్ హ్యూస్టన్ ఆ నీటికి నిరంతరం క్లోరిన్ కలిపించాడు. అటువంటి పనిని తిండితో వివరించలేం. కానీ మూడు పూటలా తినని బిడ్డకు తట్టు ప్రాణాంతకమవుతుందన్నది కూడా అంతే నిజం.

మీరు చదువుకునే వైద్యులు కనుక ఇంకొక అంకె చెబుతాను. శిశు మరణాలు ఇలా సగానికి పడిపోతున్న కాలంలోనే ప్రసవ సంబంధమైన తల్లుల మరణాలు వెయ్యి కాన్పులకు దాదాపు 4 దగ్గర ఆగిపోయి, 1930ల మధ్య వరకు తగ్గలేదు. 1902లో మంత్రసానుల చట్టం వచ్చినా అంతే. అవి తగ్గింది బాలింత జ్వరానికి సల్ఫా మందులు వచ్చాకే. మురుగు కాలువ బిడ్డను కాపాడింది గానీ తల్లిని కాపాడటానికి శుభ్రమైన చేతులు, మందు, రక్తం, సమయానికి వైద్యుడు కావలసి వచ్చాయి. మందులు రాకముందే అంతా తగ్గిందని ఒక్క వాక్యంలో చెప్పేవారికి ఈ తల్లుల లెక్క చూపించండి.

ప్రశ్న: నేను ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. మా పరిధిలో ఏడాదికి నలభై కాన్పులు. ఒక ఏడాది ఒక్క శిశువూ పోలేదు, మరుసటి ఏడాది ఇద్దరు పోయారు. రేటు సున్నా నుంచి 50కి పెరిగిందని సమావేశంలో నన్ను నిలదీశారు. ఏం చెప్పాలి?
(పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు)

జవాబు: తల్లీ, నలభై కాన్పులకు రేటు కట్టడమే సరికాదు. ఒక్క బిడ్డ తేడాతో అంకె 25 మారిపోతుంది. కొద్ది వేల జనాభా ఉన్న అర్బన్ డిస్ట్రిక్టుల ఆరోగ్యాధికారులకు కూడా ఇదే కష్టం వచ్చింది. వారిలో జాగ్రత్తపరులు రెండు పనులు చేశారు. ఒకటి, ఏడాది రేటు పక్కన గత అయిదేళ్ళ లేదా పదేళ్ళ సగటును వేసేవారు. మీరు అయిదేళ్ళకు 200 కాన్పులూ అందులో పోయినవారినీ కలిపి చూపండి. రెండు, రేటును పక్కనపెట్టి ప్రతి శిశువు చావునూ విడిగా విచారించి రాసేవారు.

మీ రిజిస్టరులో ఆ ఇద్దరికీ చెరొక పుట కేటాయించండి. ఎన్ని నెలలకు పుట్టింది, పుట్టిన బరువు ఎంత, పుట్టిన ఎన్నో రోజున పోయింది, ఏ పాలు తాగింది, జబ్బు మొదలైన ఎన్ని గంటలకు ఎవరికి చూపారు, ఆసుపత్రికి బండి దొరికిందా, ఇంటికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, తల్లికి ఇది ఎన్నో కాన్పు, ముందు కాన్పుకు ఎంత ఎడం అన్నవి రాయండి. పుట్టిన మొదటి వారంలో పోయిన బిడ్డకూ ఆరో నెలలో విరేచనాలతో పోయిన బిడ్డకూ కారణాలు వేరు, చేయవలసిన పనులూ వేరు. వచ్చే సమావేశంలో ఎవరైనా 50 అన్న అంకె చదివితే, ఆ రెండు పుటలు తీసి వారి ముందు పెట్టి చదివించండి.